కాల్పులు ఆగాక రేంజ్‌ని ఎవరు చూస్తున్నారు? మన రైఫిల్ క్లబ్ కార్యవర్గానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కార్యవర్గ సభ్యులకు, రేంజ్ ఆఫీసర్లకు, కోచ్‌లకు నమస్కారం.

మన రేంజ్ గుమ్మం పక్కన వేలాడే భద్రతా నియమాల బోర్డు మీద నాకు ఫిర్యాదేమీ లేదు. ప్రతి తుపాకీనీ లోడై ఉన్నట్టే చూడాలి. కాల్చకూడని దానివైపు బ్యారెల్ తిప్పకూడదు. గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. టార్గెట్ ఏమిటో, దాని వెనకాల ఏముందో తెలిసుండాలి. అమెరికా మెరైన్ దళంలో పనిచేసిన జెఫ్ కూపర్ పేరుతో ప్రపంచమంతా తిరిగిన నాలుగు సూత్రాలవి. చిన్నపిల్లలకు కూడా నోటికొస్తాయి. అయితే అవి తుపాకీ చేతిలో ఉన్న ఒక్క మనిషికి చెప్పిన మాటలు. పదిమంది పక్కపక్కన నిలబడి కాల్చేచోట ఎవరు ఎప్పుడు ఆగాలి, ఎవరు ఎవరిని చూడాలి, ముందుకు ఎవరు ఎప్పుడు వెళ్లాలి అన్నవి ఆ నాలుగింటిలో లేవు. మన బోర్డు మీదా లేవు.

నా ముఖ్యమైన అభ్యంతరం ఒక్కటే. కాలుస్తున్నంతసేపు మన క్రమశిక్షణకు పెద్దగా వంక పెట్టలేం. కాల్పులు ఆగిన మరుక్షణం నుంచి రేంజ్ ఎవరిదీ కాకుండా పోతోంది. కాగితం టార్గెట్లు మార్చడానికి ముందుకు నడిచేటప్పుడు, జామ్ అయిన రైఫిల్‌ని పక్కకు తెచ్చి చూసేటప్పుడు, సామాను సర్దుకునేటప్పుడు మన జాగ్రత్త సగానికి పడిపోతుంది. కాలుస్తున్నప్పుడు అందరూ లేన్లోనే ఉంటారు, బ్యారెళ్లన్నీ ఒకే దిక్కు చూస్తుంటాయి. మనుషులు కదలడం మొదలయ్యాకే ప్రమాదానికి చోటు దొరుకుతుంది.

ఈమధ్య 50 మీటర్ల రేంజ్‌లో జరిగింది చెబుతాను. పేర్లు చెప్పడం నా ఉద్దేశం కాదు. రెండు లేన్లవాళ్లు టార్గెట్లు మార్చడానికి ముందుకు వెళ్లారు. వాళ్లు సగం దూరంలో ఉండగా, మనందరికీ గౌరవం ఉన్న ఒక సీనియర్ తన బల్ల మీది రైఫిల్ చేతిలోకి తీసుకుని చెంప ఆనే చెక్కను సరిచేసుకోవడం మొదలుపెట్టారు. తూటా పెట్టే చోటుని మూసే బోల్ట్ మూసే ఉంది. తుపాకీ ఖాళీ అని చూపించే ఫ్లాగ్ అందులో లేదు. పక్క లేన్లో కొత్తగా చేరిన అమ్మాయి అది చూసి, రేంజ్ ఆఫీసర్ వైపు తిరిగి, ఆయన రిజిస్టర్ రాసుకుంటుంటే నోరు మెదపకుండా ఉండిపోయింది. తర్వాత ఆ సీనియర్ని అడిగితే, "ఖాళీ తుపాకీయే కదండీ, నాకు తెలియదా?" అన్నారు. నిజమే, ఖాళీదే. ఆ సంగతి ఆయనకు తెలుసు. ముందు నడుస్తున్న ఇద్దరికి ఎలా తెలుస్తుంది? వాళ్ల వీపులు ఆయన జ్ఞాపకశక్తి మీద ఆధారపడి ఉన్నాయి.

ఇలాంటి చోట ఏం చేయాలో మనం కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. ఫైరింగ్ లైన్ దాటి మనుషులు ముందున్నప్పుడు గురి చూడటం, తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కే డ్రై ఫైరింగ్ చేయడం, అసలు తుపాకీని ముట్టుకోవడమే కుదరదన్నది ఈ క్రీడలో ఎక్కడైనా ఉన్న పద్ధతి. ఫైరింగ్ పాయింట్ల వెనక నేల మీద పచ్చరంగు గీత ఒకటి గీయాలి. రేంజ్ ఆఫీసర్ "స్టాప్" అనాలి, ఆ తర్వాత "అన్‌లోడ్" అనాలి. ప్రతివాళ్లూ బోల్ట్ తెరిచి, తూటా కూర్చునే ఛాంబర్ చూసుకుని, ఫ్లాగ్ పెట్టి, రైఫిల్ కింద ఉంచి, గీత వెనక్కి రావాలి. అప్పుడు ఆఫీసర్ మొదటి లేన్ నుంచి చివరి లేన్ దాకా నడిచి, ప్రతి రైఫిల్నీ తన కళ్లతో చూడాలి. కుర్చీలోంచి "అందరూ అయిందా?" అని అడిగితే చాలదు. ఆ ప్రశ్నకు "కాలేదు సార్" అని జవాబిచ్చినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. చూశాకే "వెళ్లొచ్చు" అనాలి. ముందుకు పంపినాయనే తిరిగొచ్చినవాళ్లను లెక్కపెట్టుకోవాలి. ఎంతమంది వెళ్లారో ఒకరు, ఎంతమంది వచ్చారో ఇంకొకరు చూస్తే లెక్క కుదిరిందో లేదో ఎవరికీ తెలియదు.

ఇక ఆ ఫ్లాగ్ గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే దాన్ని మనవాళ్లు అలంకారంలా చూస్తున్నారు. అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య, అంటే ఐఎస్‌ఎస్‌ఎఫ్, నియమాల ప్రకారం కాల్చడానికి అనుమతి ఉన్న సమయంలో తప్ప మిగతా అన్ని వేళలా రైఫిల్లో మెరిసే నారింజరంగు లేదా అలాంటి కొట్టొచ్చే రంగు సేఫ్టీ ఫ్లాగ్ ఉండి తీరాలి. గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్ రైఫిల్‌కయితే ఆ ఫ్లాగ్ బ్యారెల్ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సరిపోయేంత పొడవుండాలని కూడా విడిగా చెప్పారు. ఈ తేడా ఊరికే పెట్టింది కాదు. పాయింట్ టూటూ (.22) తూటాలు వాడే రైఫిల్లో బోల్ట్ లాగితే రౌండ్, అంటే తూటా, బయటికి వస్తుంది, ఛాంబర్ ఖాళీయో కాదో కంటికి కనిపిస్తుంది. ఎయిర్ రైఫిల్లో పెల్లెట్ అనే చిన్న సీసపు గుండు ఒకసారి బ్యారెల్లోకి వెళ్లిందంటే, మూత తెరిచినా అది వెనక్కి రాదు, సులువుగా కనబడదు కూడా. అనుమతి తీసుకుని టార్గెట్ మీదకే కాల్చేయాలి, లేదంటే రాడ్‌తో నెట్టాలి. అందుకే ఆ పొడవాటి తీగ. అది బ్యారెల్ అవతల కొస బయటికి కనబడుతోందంటే లోపల పెల్లెట్ లేనట్టు. ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేదు, నమ్మనక్కర్లేదు.

మనవాళ్లు చేస్తున్నదేమిటి? పాయింట్ టూటూ రైఫిల్‌కి పెట్టే పొట్టి ప్లాస్టిక్ ముక్కనే ఎయిర్ రైఫిల్లో గుచ్చి "ఫ్లాగ్ ఉంది కదా" అంటున్నారు. అది బ్యారెల్ గురించి ఏమీ చెప్పదు. పైగా మ్యాచ్ ఎయిర్ రైఫిళ్లలో డ్రై ఫైర్ మీట ఉంటుంది. దాన్ని ఒకవైపు పెట్టి ట్రిగ్గర్ నొక్కితే గాలి వదలదు, టక్కుమని చప్పుడొస్తుంది. పెల్లెట్ లోపలుండగా ఆ మీట వేసి రెండుసార్లు నొక్కినవాడు తుపాకీ ఖాళీ అని గట్టిగా నమ్మేస్తాడు. తర్వాత ఎవరో మీట తిప్పుతారు.

"గాలి తుపాకీయే కదా" అన్న మాట కూడా ఇక్కడే తేల్చుకుందాం. పది మీటర్ల మ్యాచ్ ఎయిర్ రైఫిల్ నుంచి నాలుగున్నర మిల్లీమీటర్ల సీసం పెల్లెట్ సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో వెళ్తుంది. కన్ను పోవడానికి అందులో చాలా తక్కువ చాలు. పాయింట్ టూటూ రౌండ్ల డబ్బా మీద అది ఒకటిన్నర మైలు దాకా ప్రమాదకరమని అచ్చేసి ఉంటుంది. మనం వాటిని చిన్న తూటాలంటాం, అంతే.

మన క్లబ్‌లో ఎవరికీ నచ్చని విషయం ఇప్పుడు రాస్తున్నాను. నియమాలు కొత్తవాళ్లకు గట్టిగా, పాతవాళ్లకు మెత్తగా అమలవుతున్నాయి. అనుభవం ఉన్నవాళ్లు పొరపాటు చేయరన్న నమ్మకం దీనికి కారణం. అమెరికా ఒలింపిక్ షూటర్ మాథ్యూ ఎమన్స్ కంటే అనుభవం మనలో ఎవరికుంది? 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో పడుకుని కాల్చే ప్రోన్ ఈవెంట్ స్వర్ణం గెలిచిన ఆయన, మూడు భంగిమల్లో కాల్చే 50 మీటర్ల త్రీ పొజిషన్ ఫైనల్లో చివరి షాట్ దాకా మొదటి స్థానంలో ఉండి, ఆ ఒక్క షాట్ పక్క లేన్ టార్గెట్ మీద కాల్చారు. సున్నా. ఎనిమిదో స్థానం. నాలుగేళ్ల తర్వాత బీజింగ్‌లో, అదే ఈవెంట్లో, మళ్లీ ఆధిక్యంలో ఉండగా చివరి షాట్ 4.4 పడింది. గురి మీదికి దిగుతుండగానే ట్రిగ్గర్ పడిపోయింది. నాలుగో స్థానం. ఆయన్ని తక్కువ చేయడానికి కాదు ఇది రాస్తున్నది. అంత పెద్ద షూటర్‌కి లేన్ పొరపాటూ జరిగింది, వేలి పొరపాటూ జరిగింది. రెండుసార్లూ ఎవరికీ ఏమీ కాలేదు. బ్యారెల్ ఎప్పుడూ టార్గెట్ల దిక్కే చూసేలా, ముందు మనిషి లేకుండా అక్కడి ఏర్పాటు ఉంది కాబట్టి బుల్లెట్ వెళ్లాల్సిన గోడలోకే వెళ్లింది. మ్యాచ్ రైఫిళ్ల ట్రిగ్గర్లు చాలావాటికి వంద గ్రాముల ఒత్తిడి కూడా అక్కర్లేదు. చాలావాటికి సేఫ్టీ క్యాచ్ అన్నదే ఉండదు. అలాంటి ట్రిగ్గర్ ముందు సీనియారిటీ ఏం చేస్తుంది?

అందుకే నా మొదటి కోరిక ఇది. "స్టాప్" అనే హక్కు రేంజ్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ ఇవ్వండి. రేంజ్ ఆఫీసర్‌కీ కోచ్‌కీ మాత్రమే కాదు, నిన్న చేరిన పిల్లకి, చూడ్డానికొచ్చిన తండ్రికి, ఊడ్చే మనిషికి కూడా. ఎవరు "స్టాప్" అన్నా అందరూ ఆగాలి. ఎందుకన్నారో తర్వాత అడగొచ్చు. పొరపాటున అన్నా సరే, మొహం మాడ్చుకోకూడదు, వెక్కిరించకూడదు. ఇది రాసి పెట్టినంత మాత్రాన జరగదని నాకు తెలుసు. పెద్దవాళ్ల మధ్య గట్టిగా అరవడం మర్యాద కాదని పిల్లల్ని మనమే పెంచాం. కాబట్టి నేర్పాలి. కొత్త బ్యాచ్ మొదటి తరగతిలోనే ప్రతి పిల్లచేతా ఒకసారి నిండు గొంతుతో "స్టాప్" అనిపించండి, సీనియర్లందరూ లేన్లలో ఉండగా. వాళ్లు అనగానే కోచ్ సారే బోల్ట్ తెరిచి వెనక్కి అడుగేయడం ఆ పిల్లలు చూడాలి. ఆరోజు ఆ అమ్మాయి నోటిదాకా వచ్చిన మాట ఎందుకు ఆగిపోయిందో మనందరికీ తెలుసు, ఎవరం ఒప్పుకోం.

మిస్‌ఫైర్ సంగతి. ట్రిగ్గర్ నొక్కినా రౌండ్ పేలకపోతే మనవాళ్లలో సగంమంది వెంటనే బోల్ట్ లాగేస్తున్నారు. మందు ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంటుంది. బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి, చెయ్యెత్తి ఆఫీసర్‌ని పిలవాలి. రైఫిల్ తిప్పి "పేలలేదు సార్" అని చూపించడం మాత్రం ఎవరూ చేయొద్దు, దయచేసి. దీనికంటే మోసకారి రకం ఇంకొకటుంది. చప్పుడు మామూలు కంటే బలహీనంగా వచ్చి, టార్గెట్ మీద చిల్లు పడకపోతే, బుల్లెట్ బ్యారెల్లోనే ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకో రౌండ్ కాలిస్తే బ్యారెల్ చీలిపోవచ్చు. చప్పుడు తేడాగా ఉంటే ఆపి, అన్‌లోడ్ చేసి, రాడ్ వేసి చూడాల్సిందే. సిలిండర్లో గాలి తగ్గిన ఎయిర్ రైఫిల్లోనూ పెల్లెట్ ఇలాగే ఇరుక్కుంటుంది.

గాలి సిలిండర్ల మాట వచ్చింది కాబట్టి రెండు ముక్కలు. వాటిలో 200 బార్ల ఒత్తిడి ఉంటుంది, కారు టైరులో ఉండేది రెండు మూడు బార్లు. తయారైన తేదీ నుంచి ఎన్నేళ్లు వాడొచ్చో వాటి మీదే ముద్రించి ఉంటుంది, మామూలుగా పదేళ్లు. క్లబ్ రైఫిళ్ల సిలిండర్ల తేదీలు ఎవరైనా చూశారా? ఒక పుస్తకంలో రాసిపెట్టండి. గడువు దాటినవి పక్కన పెట్టడం కాదు, వాటిలో గాలి తీసేసి వాడటానికి వీల్లేకుండా చేయండి, లేకపోతే పోటీల ముందురోజు ఎవరో ఒకరు బయటికి తీస్తారు.

ఇప్పుడు సీసం గురించి. ఇది వినేటప్పుడు సభ్యుల మొహాల్లో కనిపించే విసుగు నాకు తెలుసు, అయినా రాస్తాను. తుపాకీ ప్రమాదం ఒక్క క్షణంలో బయటపడుతుంది. సీసం అలా బయటపడదు. పాయింట్ టూటూ రౌండ్ల బుల్లెట్ సీసమే, చాలావాటిలో మందును అంటించే ప్రైమర్లోనూ సీసం సమ్మేళనం ఉంటుంది. కాల్చిన ప్రతిసారీ అది సన్నటి ధూళిగా గాల్లో కలిసి, నేల మీద, బల్లల మీద, బట్టల మీద పేరుకుంటుంది. పిల్లల శరీరంలోకి వెళ్లే సీసానికి హాని చేయని మోతాదంటూ ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన ఇండోర్ రేంజ్‌లో సాయంత్రం బ్యాచ్ మొత్తం పిల్లలే.

ఆ గదిని రోజూ పొడి చీపురుతో ఊడుస్తున్నారు. నేలమీద కూర్చున్న ధూళిని మళ్లీ గాల్లోకి లేపి, ఊడ్చే మనిషి ముక్కులోకి పంపడమే అది. తడిగుడ్డతో తుడవాలి, లేదా సన్నటి ధూళిని పట్టే హెపా ఫిల్టరున్న వాక్యూమ్ వాడాలి. ఫైరింగ్ లైన్ ముందు పేరుకునే కాలని మందు నిప్పుకి అంటుకుంటుంది కాబట్టి, దానికి పనికొచ్చే యంత్రమే తీసుకోవాలి. ఊడ్చే ఆవిడకు మాస్కూ గ్లౌజులూ ఇవ్వాలి. ఆవిడ సభ్యురాలు కాదు కాబట్టి ఏ మీటింగులోనూ ఆవిడ సంగతి రాలేదు. గాలి షూటర్ల వెనక నుంచి టార్గెట్ల వైపు నిలకడగా కదలాలి. ఫైరింగ్ లైన్ దగ్గర అది నిమిషానికి 75 అడుగుల వేగం ఉండాలని అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ సిఫార్సు. మన గదిలో ఫ్యాన్లు ఆ వేగం ఇస్తున్నాయో లేదో కొలిపించండి. ఉక్కపోస్తోందని పక్క గోడకి పెట్టిన పెద్ద ఫ్యాను మాత్రం వెంటనే తీసేయండి, అది పొగని తిప్పి మొహాల మీదికే తెస్తోంది.

తినడం, నీళ్లు తాగడం రేంజ్ లోపల వద్దు. పెల్లెట్లను పెదాల మధ్య పట్టుకుని ఒక్కొక్కటే తీసి లోడ్ చేసే అలవాటు ఇద్దరు ముగ్గురికి ఉంది, వాళ్లను చూసి పిల్లలు నేర్చుకుంటున్నారు. బయటికొచ్చాక సబ్బుతో చేతులు, మొహం కడుక్కునేలా గుమ్మం దగ్గరే కుళాయి పెట్టించండి. ఇప్పుడున్నది మెట్లు దిగి అటువైపు వెళ్తే ఉంది, అంతదూరం ఎవరూ వెళ్లరు.

చెవుల గురించి చెప్పేదేమీ కొత్తగా లేదు. ఇండోర్లో పాయింట్ టూటూ చప్పుడు కూడా వినికిడిని తినేస్తుంది, పోయిన వినికిడి తిరిగి రాదు. కాల్చేవాళ్లే కాదు, వెనక కూర్చుని చూసేవాళ్లూ చెవులకు ఇయర్‌మఫ్‌లు పెట్టుకోవాలి. ఇయర్‌మఫ్‌లు పెట్టుకున్నవాళ్లకి "స్టాప్" వినబడదన్న సమస్య మాత్రం నిజమైనది. అందుకే మాటతోపాటు గంటో, ఎర్ర దీపమో ఉండాలి. పిల్లలు అరిచినా, పక్కనున్న బటన్ నొక్కినా లైన్ మొత్తానికి తెలిసేలా.

బయటి రేంజ్ చివర ఉన్న మట్టిగట్టు చూడండి. ఏళ్లతరబడి ఒకేచోట బుల్లెట్లు దిగితే, అక్కడ సీసం గట్టిపడి ముద్దలా తయారవుతుంది. కొత్త బుల్లెట్ మెత్తటి మట్టిలో దిగాల్సింది పోయి దానికి తగిలి పక్కకు ఎగురుతుంది. వానలకు మట్టి కొట్టుకుపోయి రాళ్లు పైకి తేలినా అదే జరుగుతుంది. టార్గెట్ ఫ్రేముల ఇనుప అంచులు కూడా అంతే. గట్టును తవ్వించి, సీసం ఏరించి, రాళ్లు లేని మట్టి పోయించే పని కొన్నేళ్లుగా వాయిదా పడుతోంది. ఖర్చు పెద్దదే, ఒప్పుకుంటాను. ఆ పని అయ్యేదాకా మధ్య లేన్లు మూసేయడానికి మాత్రం పైసా అక్కర్లేదు.

దెబ్బ తగిలితే ఏం చేస్తాం? ప్రథమ చికిత్స పెట్టె ఆఫీసు గదిలో తాళం వేసి ఉంది. తాళం ఎవరి దగ్గరుందో నేను ఇద్దరిని అడిగాను, రెండు పేర్లు చెప్పారు. రక్తం ఆపే టోర్నికే పట్టీ అందులో ఉందా, దాన్ని కట్టడం ఎవరికైనా వచ్చా? అంబులెన్సుకు ఫోన్ ఎవరు చేయాలి, గేటు దగ్గర ఎదురెళ్లేదెవరు, మిగతావాళ్ల తుపాకులు భద్రం చేయించేదెవరు అన్నది ప్రతి బ్యాచ్ మొదలయ్యే ముందే పేర్లతో నిర్ణయమై ఉండాలి.

ఇవన్నీ చదివి వచ్చే జవాబులు నాకు తెలుసు. ఇన్నేళ్లలో ఏమీ జరగలేదు కదా అంటారు. త్రుటిలో తప్పినవి ఎన్నో మనం రాసిపెట్టుకోలేదు కాబట్టి ఆ మాట అనగలుగుతున్నాం. తప్పిన ప్రమాదాలు రాసే పుస్తకం ఒకటి పెట్టండి, పేర్లు అక్కర్లేదు, ఏం జరిగిందో చాలు. ఆరు నెలల తర్వాత ఆ పుస్తకం ముందు పెట్టుకుని మళ్లీ ఈ మాట అందాం. టైం వృథా అంటారు. ఆఫీసర్ లేన్ల వెంట నడిచి చూడటానికి పట్టేది నిమిషం. టీ విరామానికి మనం తీసుకునేది ఎంతో అందరికీ తెలుసు. ఆఫీసర్లు సరిపడా లేరంటారు. ఇది న్యాయమైన మాట. ఒక్కరే రిజిస్టర్ రాస్తూ, ఫీజు తీసుకుంటూ, రౌండ్లు ఇస్తూ, లైన్ చూడలేరు. అందుకే సీనియర్ సభ్యులు వంతులవారీగా లైన్ డ్యూటీ చేయాలని ప్రతిపాదిస్తున్నాను. డ్యూటీలో ఉన్నరోజు వాళ్లు కాల్చకూడదు, ఫోన్ చేతిలో ఉండకూడదు. నా పేరు ఆ జాబితాలో మొదట రాయండి.

వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ లేఖ చర్చకు పెట్టమని కోరుతున్నాను. డబ్బుతో పనిలేనివి, అంటే గీత, ఫ్లాగులు, లేన్ల వెంట నడక, "స్టాప్" హక్కు, తడిగుడ్డ, పెట్టె తాళం, సమావేశం దాకా ఆగకుండా ఈ వారమే మొదలవ్వాలి. మిగతావాటిలో ఏవి ఒప్పుకున్నారో, ఏవి కాదన్నారో, ఎందుకు కాదన్నారో నోటీసు బోర్డు మీద పెట్టండి. పొడవు ఫ్లాగ్ లేని ఎయిర్ రైఫిల్‌ని, అది ఎవరిదైనా సరే, నాదైనా సరే, రేంజ్ లోపలికి రానివ్వొద్దని ఆఫీసర్లకు రాతపూర్వకంగా చెప్పండి. నోటిమాటగా చెబితే మొహమాటం అడ్డొస్తుంది.

ఇట్లు,
మీ క్లబ్ సభ్యుడు